అయిదు గంటలే కదా!

"కువైట్ ఎంత దూరమమ్మా! విమానమెక్కితే అయిదు గంటలే కదా!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

హైదరాబాదు నుంచి కువైట్ సుమారు 3,400 కిలోమీటర్లు. గాల్లో ఉండేది అయిదు గంటలే, కాదనను. పైగా అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఉదయం 10 గంటలకు ఎక్కినావిడ 12.30కే దిగినట్టు టికెట్టు చెబుతుంది! అన్నం ఉడికినంతసేపే వంట అన్నట్టుంది ఈ లెక్క. మరి బియ్యం ఏరడం, గిన్నెలు తోమడం ఎవరి ఖాతాలో వేస్తారో!

మా గండికోట నుంచి బయలుదేరి చూడండి. ముందు జమ్మలమడుగు చేరాలి. అక్కణ్ణించి రాత్రంతా బస్సు. ఆపైన శంషాబాద్. విమానానికి మూడు గంటల ముందే హాజరు కావాలి. మా పెన్న లోయ అవతలి గట్టు కాకికి కూతవేటు దూరం. మనిషి దిగి ఎక్కాలంటే పూట గడిచిపోతుంది.

అయినా నా పోట్లాట గంటల కోసం కాదు. మన కడప ప్రాంతం నుంచి ఎందరో ఆడవాళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్తున్నారు. వాళ్ళ వీసా అక్కడి యజమానితో ముడిపడి ఉంటుంది. ఇక్కడ తల్లి మంచాన పడితే అయిదు గంటల్లో వచ్చి వాలగలరా? యజమాని సెలవివ్వాలి, టికెట్టుకు డబ్బు కూడాలి. ఆ రోజులు ఏ విమానం లెక్కలోనూ ఉండవు.

అందుకే అమ్మలారా, ఏజెంటును "ఎన్ని గంటల ప్రయాణం?" అని అడగకండి. "కబురందిన ఎన్నాళ్ళకు మా పిల్ల మా గడప తొక్కుతుంది?" అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.