మెదడులో మిణుగురులు!

తొలకరి పడ్డాక పాల్వంచ దగ్గర కిన్నెరసాని అడవి అంచున, చీకట్లో కాసేపు నిలబడి చూడండి. ఏ కొమ్మ మీద మిణుగురు ఉందో ముందుగా తెలియదు. మెరిసినప్పుడే దాని జాడ తెలుస్తుంది. మెదడులోని కోట్లాది నాడీకణాల్లో ఏది ఎప్పుడు పనిచేస్తోందో కూడా అలాగే మెరిసి చెబితే? శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ పనే చేశారు. కాకపోతే వెలుగును అరువు తెచ్చుకున్నది మిణుగురు దగ్గర కాదు... సముద్రంలోని జెల్లీఫిష్ దగ్గర!

జపాన్‌కు చెందిన ఒసాము షిమొమురా అమెరికా తీరంలో వేలకొద్దీ జెల్లీఫిష్‌లను పట్టి, వాటిలో ఆకుపచ్చగా మెరిసే ఓ ప్రొటీన్ ఉందని 1962లో ప్రకటించారు. నీలి కాంతి పడితే చాలు, అది ఆకుపచ్చగా వెలుగుతుంది. దాని జన్యువును 1992లో వెలికితీసింది డగ్లస్ ప్రాషర్. పరిశోధనకు డబ్బులు అయిపోవడంతో ఆయన ఆ జన్యువును మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్‌లకు పంపేశారు. 2008లో షిమొమురాతో పాటు ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అప్పటికి ప్రాషర్ ఓ కార్ల షోరూమ్‌లో వ్యాను నడుపుకుంటున్నారు!

మరి ఆ ప్రొటీన్‌కు మెదడు కబుర్లు ఎలా తెలుస్తాయి? నాడీకణం స్పందించిన ప్రతిసారీ దానిలోకి కాల్షియం దూసుకొస్తుంది. 2001లో జపాన్‌కే చెందిన జునిచి నకాయ్ బృందం మెరిసే ప్రొటీన్‌ను ఒకచోట తుంచి, కాల్షియంను పట్టుకునే మరో ప్రొటీన్‌ను దానికి అతికించింది. కాల్షియం తగలగానే అతుకు ముడుచుకుంటుంది, వెలుగు పెరుగుతుంది. దీని పేరే 'జీక్యాంప్'.

మొదట్లో ఆ మెరుపు మందకొడిగా ఉండేది. మార్పులు చేస్తూ పోగా 2013 నాటికి, మన వాగుల్లోనూ తిరిగే జీబ్రాఫిష్ పిల్లలో లక్ష నాడీకణాలుంటే, వాటిలో దాదాపు 80 శాతాన్ని ఒక్కొక్కటిగా చూడగలిగారు. ఆ చేపపిల్ల ఒళ్లు అద్దంలా ఉండటం కలిసొచ్చింది. 2023లో వచ్చిన రకాలైతే సెకనులో వందల వంతులోపే స్పందిస్తున్నాయి.

మూర్ఛ, అల్జీమర్స్ వంటి జబ్బుల్లో కణాలు ఎక్కడ దారితప్పుతున్నాయో ఎలుకల్లో ఇలాగే వెతుకుతున్నారు. కణంలోకి కొత్త జన్యువును పంపాలి కాబట్టి, ఇది ఆసుపత్రిలో మనిషికి చేసే స్కానింగ్ లాంటిది కాదు. జంతువుల మీద పరిశోధనలకే ఎక్కువగా వాడుతున్నారు.

అన్నట్టు, నోబెల్ ప్రదానానికి చాల్ఫీ, చెన్‌లు ప్రాషర్‌ను వెంట తీసుకెళ్లారు. కొన్నేళ్లకు ఆయన చెన్ ప్రయోగశాలలోనే మళ్లీ సైన్సు పనిలో చేరారు. మెదడులో కనిపిస్తున్న ప్రతి ఆకుపచ్చ మెరుపు వెనకా, చేతిలో ఉన్నది నలుగురికీ పంచిన ఆ వ్యాను డ్రైవరూ ఉన్నారు.