ఇరవై నాలుగు గంటల లెక్కలో నాచారం కుట్టుమిషను ఎక్కడ?

“నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఈరోజు నాలుగింటి దాకా ఏమేం చేశారు?” జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు టైమ్ యూజ్ సర్వేలో ఇంటింటికీ వచ్చి అడిగేది దాదాపు ఇదే. జీతం ఎంత, పిల్లలెందరు అనే సర్వేలు మనకు అలవాటే. రోజంతా ఎలా గడిచిందో అరగంటకో గడి చొప్పున రాసుకునే సర్వే మాత్రం కొత్తది. 1998-99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగంగా చేశారు, అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటా మొదటిసారి జరిగింది 2019లో, రెండోసారి 2024లో. రెండోసారి 1,39,487 కుటుంబాల్లో ఆరేళ్లు, ఆపై వయసున్న 4,54,192 మంది వివరాలు తీసుకుని, 2025 ఫిబ్రవరిలో ఫలితాలు ఇచ్చారు.

వార్తల్లోకి వచ్చిన అంకె ఒకటుంది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు 2019లో రోజుకు 299 నిమిషాలు పెడితే, 2024లో అది 289కి వచ్చింది. పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపే పక్క కాలమ్ చూడాలి. మగవాళ్లది కూడా 97 నుంచి 88కి పడిపోయింది. అంటే ఆ పది నిమిషాలు మగవాళ్లు అందుకున్నవి కావు.

ఇంకో మెలిక ఉంది. ఈ సగటు, ఆ రోజు ఇంటిపని చేసినవాళ్లది మాత్రమే. 2019లో ఇంటిపని చేసిన ఆడవాళ్లు వందకు 81 మంది, మగవాళ్లు 26 మంది. చెయ్యి కూడా పెట్టని మిగతా 74 మంది మగవాళ్లు ఆ 97 నిమిషాల సగటులో లేనే లేరు. వాళ్లనూ కలిపి భాగిస్తే మగవాళ్ల వాటా 25 నిమిషాలు, ఆడవాళ్లది 243. ఏ సంఖ్యతో భాగించారో అడగకుండా సగటును నమ్మితే ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు ఉప్పల్, నాచారం వైపు వద్దాం. ఇక్కడ మగవాళ్ల పని లెక్కలోకి సులభంగానే వస్తుంది. పారిశ్రామికవాడలో షిఫ్టు, ఆటో, దుకాణం, మెట్రో ఎక్కి అమీర్‌పేట దాకా పోయే ఉద్యోగం, ఏదైనా దానికో పేరుంది. ఇబ్బందల్లా ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చున్న ఆవిడతోనే. పొద్దున టిఫిన్ అయ్యాక రెండు జాకెట్లు, మధ్యాహ్నం నాలుగు చీరలకు ఫాల్, పీకో, రాత్రి పిల్లలు పడుకున్నాక కాస్త మగ్గం వర్క్. పీస్ లెక్కన డబ్బులొస్తాయి. “మీరేం చేస్తారమ్మా?” అని అడిగితే మాత్రం “ఏం చేస్తాం, ఇంట్లోనే ఉంటాం” అంటుంది. పక్కన మియా ఉంటే ఆ మాట కూడా ఆయనే చెప్పేస్తాడు.

ఉపాధి లెక్కలు తీసే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో ఇంటిపనితో పాటు సొంతింటి వాడకానికి కుట్టుపని చేసేవాళ్లకు ఒక కోడ్ ఉంది, 93. ఆ కోడ్ పడితే ఆమె కార్మికుల జాబితాలో ఉండదు. డబ్బులకు కుట్టే ఆవిడకు అది పడకూడదు. కానీ “ఇంట్లోనే ఉంటాం” అనే జవాబు ఆమెను నేరుగా అక్కడికే తీసుకుపోతుంది. టైమ్ యూజ్ సర్వే బలం ఇక్కడే. నువ్వు కార్మికురాలివా అని అడగదు, పదకొండింటికి ఏం చేస్తున్నావని అడుగుతుంది. జాకెట్ కుడుతున్నానంటే, ఎవరికోసం, డబ్బులకేనా అన్న రెండో ప్రశ్న వేస్తే చాలు, ఆ అరగంట ఉపాధి ఖాతాలో పడుతుంది. వేయకపోతే ఇంటిపనిలో కలిసిపోతుంది. 15-59 ఏళ్ల ఆడవాళ్లలో ఉపాధి పనుల్లో పాల్గొన్నవాళ్లు 2019లో 21.8 శాతం, 2024లో 25 శాతం అని రిపోర్టు చెబుతోంది. ఆ రెండో ప్రశ్న ఎంతమందిని అడిగారన్న దాన్నిబట్టే ఈ అంకెను నమ్మాలి.

రంజాన్ సంగతి మరీ విచిత్రం. 2019లో రోజాలు మే నెలలో వచ్చాయి. హైదరాబాద్‌లో సహరీ వంట మూడింటికే మొదలయ్యేది. సర్వే రోజు మొదలయ్యేది నాలుగింటికి. నిన్న మూడింటికి లేచి చేసిన వంట సర్వే లెక్కలో మొన్నటిది. ఈరోజు మూడింటికి చేసిందే లెక్కకు వస్తుంది. ఇరవై నాలుగు గంటలూ సరిగ్గా అడిగితే ఏమీ పోదు. కానీ “రాత్రి పదకొండింటికి పడుకున్నాం” అనగానే సర్వే చేసేవాళ్లు నాలుగింటి దాకా నిద్ర అని గీత గీసేస్తే ఆ గంట వంట మాయమైపోతుంది. 2024లో రోజాలు మార్చిలో వచ్చాయి, సహరీ ముగిసేది అయిదు దాటాకే. అదే వంట, అదే ఇల్లు, గడి మాత్రం వేరు.

నమాజు సమయం కూడా పట్టికలో ఉంది. బంధుమిత్రులతో గడపడం, సామాజిక, మతపరమైన పనులన్నిటికీ కలిపి ఒకే విభాగం. పది నిమిషాల లోపు పనులు నమోదు కావు గనుక అసర్ నమాజు చాలామంది లెక్కలో కనిపించకపోవచ్చు. అదేమంత పెద్ద నష్టం కాదు.

పెద్ద నష్టం సంఖ్యల దగ్గరుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ముస్లింలు వందకు దాదాపు 13 మంది. రంజాన్ ఏడాదిలో పన్నెండో వంతు. సర్వే ఏడాది పొడవునా సమానంగా జరిగితే, రాష్ట్రంలో అడిగిన వంద ఇళ్లలో రంజాన్‌లో తలుపు తట్టిన ముస్లిం ఇల్లు సుమారు ఒకటే. ఇంత చిన్న సంఖ్య మీద విడిగా పట్టిక వేయలేరు. ఉప్పల్ మండలానికనో, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకనో వేరే అంచనా అసలే కుదరదు.

తర్వాతి సర్వేకు ప్లాన్ వేసేటప్పుడు శాంపిల్ ఒక్కసారిగా పెంచడం ఖర్చుతో కూడిన పని, అది అర్థం చేసుకోదగ్గదే. ఖర్చు లేని పనులు మాత్రం ఉన్నాయి. రంజాన్ నెలకు సిబ్బందికి విడిగా సూచన ఇవ్వొచ్చు. ఇంట్లో చేసే పీస్ వర్క్‌కు ఆ రెండో ప్రశ్నను తప్పనిసరి చేయొచ్చు. పర్దా పాటించే ఇళ్లకు మహిళా సిబ్బందిని, ఉర్దూలో అడగగలిగేవాళ్లను పంపొచ్చు. తెలుగులో “పని” అంటే ఆఫీసు పని అనుకునే అమ్మీ, ఉర్దూలో “కామ్” అంటే పొద్దుటి నుంచి చేసిందంతా వరసగా చెబుతుంది.

ఇళ్ల వైపు నుంచి ఒక భయం ఉంది. ఎన్ఆర్సీ గొడవ తర్వాత ఏ సర్వే వచ్చినా తలుపు సగమే తెరుస్తున్నారు. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం కులగణన చేసినప్పుడూ, ఇప్పుడు 2027 జనాభా లెక్కల ముందూ అదే అనుమానం. టైమ్ యూజ్ సర్వే డేటా పేర్లు లేకుండానే బయటికొస్తుంది. మతం కోడ్ మాత్రం అందులో ఉంటుంది, ఎవరైనా ఉచితంగా తీసుకుని ముస్లిం ఆడవాళ్ల రోజు ఎలా గడుస్తోందో విడిగా లెక్కకట్టొచ్చు. ఆ లెక్క సరిగ్గా రావాలంటే సర్వే వాళ్లు వచ్చిన రోజు మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి ఆవిడే జవాబు చెప్పాలి.