ఎరువుల కాలిక్యులేటర్లు: లెక్క సరే, వాడకం మాటేమిటి?

నేల, పైరు, ఆశించే దిగుబడిని బట్టి ఏ రైతుకు ఆ రైతుకు తగిన ఎరువుల మోతాదును లెక్కించి ఇచ్చే ఆన్‌లైన్ సాధనాలు మనకు కొత్త కావు. 2015లో సాయిల్ హెల్త్ కార్డుల పథకం మొదలైన తరువాత వీటి అవసరం మరింత పెరిగింది. వీటికి ఆధారమైన సమీకరణాలను మనం ఏళ్ల తరబడి క్షేత్ర ప్రయోగాలలో పరీక్షించాం. రైతు ఆ తెరను వాడుకోగలడా అన్నది కూడా పరీక్షించవలసిన విషయమేనని మాత్రం ఇంకా గుర్తించలేదని నా అభిప్రాయం.

హెక్టారుకు 120-60-40 కిలోల నత్రజని, భాస్వరం, పొటాష్ సిఫారసును తీసుకుందాం. ఎకరాకు ఇది సుమారు 48-24-16 కిలోలు. సాధనం దీనిని 52.17 కిలోల డిఎపి, 83.93 కిలోల యూరియా, 26.67 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అని చూపుతుంది. లెక్కలో తప్పు లేదు. అయితే రైతు దుకాణంలో అడిగేది బస్తాలలో. డిఎపి బస్తా 50 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు. డిఎపి ఒక బస్తా, యూరియా రెండు బస్తాలకు ఆరు కిలోలు తక్కువ, పొటాష్ అర బస్తాకు కాస్త ఎక్కువ అని చెబితే అతని పని జరుగుతుంది. పైగా సాగునీటి ప్రాంతాలలో రెండున్నర హెక్టార్లకు ఒకటి చొప్పున తీసిన మట్టి నమూనాకు ఈ రెండు దశాంశ స్థానాల కచ్చితత్వం ఎక్కడిది? విస్తీర్ణాన్ని హెక్టార్లలోనే అడిగే తెర ముందు సెంట్లలో లెక్కించే కోస్తా రైతూ, గుంటలలో లెక్కించే తెలంగాణ రైతూ ఇద్దరూ తడబడతారు.

ఇంతకంటే ప్రమాదకరమైనది ‘భాస్వరం’ అని మాత్రమే రాసి ఉన్న గడి. మూలక రూపంలో 20 కిలోల భాస్వరం పి2ఓ5 రూపంలో దాదాపు 46 కిలోలు. పరీక్షా పత్రం మొదటి రూపంలో ఉండి, సాధనం రెండవ రూపాన్ని ఆశిస్తే, మధ్యస్థంగా భాస్వరమున్న నేల ‘తక్కువ’ కోవలోకి జారుతుంది. డిఎపి మోతాదు పెరుగుతుంది. పొరపాటు జరిగిందని రైతుకు తెలిసే దారే లేదు.

వినియోగ సౌలభ్యాన్ని కొలవడానికి మన విద్యార్థులు 1986లో జాన్ బ్రూక్ రూపొందించిన పది వాక్యాల కొలమానాన్ని వాడుతున్నారు. మంచి కొలమానమే. కాని అందులో అనుకూల, ప్రతికూల వాక్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఎదుట కూర్చున్న పరిశోధకుణ్ణి నొప్పించడం ఇష్టంలేని రైతు అన్నింటికీ “బాగుంది సార్” అంటాడు. ఒక మౌఖిక పరీక్షలో మంచి మార్కు వచ్చిన సాధనం గురించి విన్నాక, ఫోను ఎవరి చేతిలో ఉందని అడిగాను. తానే పట్టుకుని చూపించానని విద్యార్థి నిజాయితీగా చెప్పాడు. అక్కడ కొలిచినది చాలావరకు రైతు మర్యాదనే. తప్పు ఆ విద్యార్థిది కాదు. పరిశోధన ప్రణాళికను ఆమోదించిన మాది.

రైతు చేతికి అతని పరీక్షా పత్రాన్నీ ఫోనునూ ఇచ్చి, “మీ ఎకరంన్నరకు ఎన్ని బస్తాలు తేవాలో చూసి చెప్పండి” అని అడిగి మౌనంగా ఉండాలి. ఎక్కడ ఆగాడో, ఎవరిని సాయమడిగాడో, చివరికి చెప్పిన అంకె సరైన అంకెకు ఎంత దూరంలో ఉందో నమోదు చేయాలి. ఐదుగురితో పరీక్షిస్తే చాలా లోపాలు బయటపడతాయని జాకబ్ నీల్సన్ చెప్పిన మాట ఒకే తరహా వాడకందారులకు వర్తిస్తుంది. గోదావరి డెల్టా వరి రైతు, అనంతపురం వేరుశనగ రైతు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను కొడుకు దగ్గరే ఉండిపోయే మహిళా రైతు ఒకే తరహా కారు. ఒక్కొక్క వర్గం నుంచి ఐదుగురిని తీసుకున్నా ఒక స్నాతకోత్తర విద్యార్థికి అది మోయలేని భారం కాదు.

ఈ వర్గాలలో కౌలు రైతును మొదట కూర్చోబెట్టాలి. కార్డు భూయజమాని పేరున ఉంటుంది. భూమి వివరాలు నింపితే తప్ప ముందుకు సాగని తెర దగ్గరే అతని ప్రయత్నం ముగిసిపోతుంది. ఎరువుల లెక్కకు సర్వే నంబరుతో పనిలేదు. ఆ గడిని ఖాళీగా వదిలినా సాధనం పనిచేసేలా చేయడానికి ఒక్క పూట చాలు.