ఎండబెట్టిన సముద్రం

ప్రపంచంలోని పెద్ద సరస్సుల పేర్లు పిల్లల చేత బట్టీ పట్టిస్తాం కానీ, ఆ జాబితాలోంచి ఓ పేరు ఎలా గల్లంతయిందో చెప్పం. 1960 నాటికి అరల్ సముద్రం నాలుగో అతిపెద్ద సరస్సు. విస్తీర్ణం దాదాపు 68 వేల చదరపు కిలోమీటర్లు. పత్తి కోసం ఆ సరస్సును నింపే అము దర్యా, సిర్ దర్యా నదులను సోవియట్ ప్రభుత్వం కాలువల్లోకి మళ్లించింది. అందులోనూ బోలెడు నీళ్లు ఇసుకలోనే ఇంకిపోయాయి. సరస్సు ఎండిపోతూ వచ్చింది. ఉజ్బెకిస్తాన్‌లోని మొయ్నాక్ ఒకప్పుడు చేపల రేవు. ఇప్పుడక్కడ తుప్పు పట్టిన పడవలు ఇసుకలో ఒరిగి ఉంటాయి, కనుచూపు మేరలో చుక్క నీరుండదు. ఉప్పు, పురుగుమందులు కలిసిన దుమ్ము ఊళ్ల మీద పడుతుంది. దీన్ని ప్రకృతి వైపరీత్యం అంటే నేనొప్పుకోను. ఉత్తరాన కజకిస్తాన్ 2005లో కోక్-అరల్ ఆనకట్ట కట్టాక నీరు పెరిగింది, చేపలూ తిరిగొచ్చాయి. దక్షిణ భాగాన్ని అలా పట్టించుకున్నవాళ్లు లేరు; ఉజ్బెకిస్తాన్‌లో పత్తి మాత్రం ఇంకా పండుతోంది.