నేలమీది వేగం, నింగిలోని వేగం

ద్రాక్షారామం పొలిమేరలో చేలగట్టున నిలిచి తలయెత్తి చూస్తే, బహుదూరాన సాగిపోయే విమానం చీమనడక నడుస్తున్నట్లు తోస్తుంది. అదే విమానం రన్‌వే మీద పరుగెత్తుతుంటే చూచేవారి గుండె ఝల్లుమంటుంది. "అయితే దాని వేగం నేలమీదనే ఎక్కువా?" అని ఒక విద్యార్థి మమ్ము అడిగాడు. మేము తెలుగు బోధించేవారమే గాని శాస్త్రవేత్తలము కాము. అయినా ఆ ప్రశ్న మమ్ము వదలలేదు.

కంటికి తోచినదంతా నిజం కాదు. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోతుంది. మనకు 28 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ దానికి రెండు నిమిషాల ప్రయాణం. ఎత్తు వల్లనే అది మందగమనంగా కనిపిస్తుంది.

ఇక నేలమీద దాని అణకువ చూడండి. మలుపుల వద్ద సైకిలు వేగానికి మించి పోదు. పైకి లేవడానికి మాత్రం ఎయిర్‌బస్ 320 వంటి విమానానికి గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగం కావాలి. అందుకు తగిన చోటు కావాలి. మధురపూడిలోని రాజమహేంద్రవరం విమానాశ్రయంలో పూర్వం రన్‌వే సుమారు 1,750 మీటర్లు. చిన్న ఏ.టి.ఆర్. విమానాలకు అది చాలింది. పెద్ద జెట్ విమానాల కోసం దానిని 3,165 మీటర్లకు పొడిగించారు.

ఆ పరుగులో ఒక హద్దు ఉన్నది. దానిని నిర్ణయ వేగం అనవచ్చు. విమానం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఎండ అన్నీ చూచి దానిని ముందే లెక్కగడతారు. ఆ వేగం అందుకొనక ముందే లోపం కనిపిస్తే ఆగవచ్చు. దాటిన తరువాత ఒక ఇంజను చెడినా లేవవలసిందే. ఆగడానికి ఇక నేల చాలదు.

మన గోదావరి సీమ నుండి ఏటా ఎందరో గల్ఫ్ దేశాలకు బ్రతుకుతెరువు కోసం పోతున్నారు. వారిలో మన విద్యార్థుల తల్లులు, అన్నలు ఉన్నారు. విమానమెక్కడమే తడవుగా బ్రతుకు బాగుపడుతుందని నమ్మి, చదవని కాగితాలపై సంతకాలు చేస్తున్నారు. విదేశాలలో పని ఇప్పించే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలని 1983 నాటి వలసల చట్టం విధించింది. ఆ ఏజెంటు ఎవరు? జీతమెంత? పని ఏమిటి? వీసా ఏ రకం? ఇవన్నీ ఇంటి అరుగు మీద తేల్చుకోవలసిన సంగతులు. పరాయి గడ్డపై దిగిన తరువాత అడిగితే జవాబు చెప్పేవారు ఉండరు.

విద్యార్థులారా! మీ ఇంట ఎవరైనా ప్రయాణానికి సిద్ధమైతే ఆ కాగితాలను మీరు చదివి వినిపించండి. అర్థం కానివి మా వద్దకు తెండి. అప్పు తీసుకొనక ముందు, సంతకం పెట్టక ముందు ఆగడం పిరికితనం కాదు. అంతటి విమానానికే ఆగే హక్కు నేలమీద ఉన్నంతవరకే.