లండన్-పారిస్: గగనంలో గంట, గమ్యానికి నాలుగు గంటలు

లండన్, పారిస్ నగరాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 345 కిలోమీటర్లు మాత్రమే. గంటకు 800 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగల జెట్ విమానానికి ఇది లెక్క ప్రకారం అరగంట ప్రయాణం కూడా కాదు. అయినప్పటికీ విమాన సంస్థల కాలపట్టికలలో ఈ ప్రయాణానికి గంటా ఇరవై నిమిషాల వరకు కేటాయిస్తున్నారు. రన్‌వే వద్ద వరుసలో నిరీక్షించటం, పైకెగసి పూర్తి వేగం అందుకున్న కొద్దిసేపటికే దిగటానికి సిద్ధం కావటం ఇందుకు కారణాలు. నగరానికి దూరంగా ఉన్న విమానాశ్రయాలకు రాకపోకలు, భద్రతా తనిఖీలు కూడా కలిపితే మొత్తం ప్రయాణం నాలుగు గంటలు దాటుతుంది.

ఈ రెండు నగరాల మధ్య 1919 ఆగస్టు 25న ప్రారంభమైన దైనందిన విమాన సర్వీసు సుమారు రెండున్నర గంటలలో గమ్యం చేరేది. శతాబ్ద కాలంలో విమానం వేగం అనేక రెట్లు పెరిగినా, ప్రయాణికునికి ఆ మేరకు కాలం కలిసి రాలేదన్నది గమనార్హం.

ఈ లోపాన్నే రైలు తనకు అనుకూలంగా మలచుకున్నది. ఇంగ్లిష్ చానెల్ అడుగున నిర్మించిన సొరంగం మీదుగా 1994 నవంబరు 14న యూరోస్టార్ సర్వీసులు మొదలైనాయి. బ్రిటన్ భూభాగంలో 108 కిలోమీటర్ల హైస్పీడ్ మార్గం 2007లో పూర్తికావటంతో ప్రయాణ సమయం 2 గంటల 16 నిమిషాలకు తగ్గింది. ఇది నగర మధ్యం నుంచి నగర మధ్యానికి పట్టే సమయం. అయితే ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగిన అనంతరం పాస్‌పోర్టు తనిఖీలు పెరిగి, ఈ ఆధిక్యత కొంత తగ్గిన మాట వాస్తవం.

అసలు సమస్య ఛార్జీలది. అంతర్జాతీయ విమానాల ఇంధనంపై సాధారణంగా పన్ను ఉండదు. రైలు మాత్రం సొరంగానికి భారీగా రుసుము చెల్లించాలి. పైగా సొరంగం గుండా ప్రయాణికుల రైళ్లు నడుపుతున్న సంస్థ యూరోస్టార్ ఒక్కటే. స్పెయిన్‌లోని మాడ్రిడ్-బార్సిలోనా మార్గంలో 2021లో ఒకటి, 2022లో మరొకటి పోటీ సంస్థలు ప్రవేశించగా టిక్కెట్ల ధరలు తగ్గుముఖం పట్టాయి. చానెల్ సొరంగంలోనూ పోటీకి వీలుగా, లండన్‌లోని రైళ్ల డిపోను వాడుకొనేందుకు వర్జిన్ సంస్థకు బ్రిటన్ రైల్వే నియంత్రణ సంస్థ 2025 అక్టోబరులో అనుమతించింది.

ఫ్రాన్స్ మరో దారి ఎంచుకున్నది. రెండున్నర గంటలలోపు రైలు సౌకర్యం ఉన్న కొన్ని దేశీయ మార్గాలలో విమానాలను 2023లో నిషేధించింది. కానీ ఈ చట్టం లండన్ వంటి విదేశీ గమ్యాలకు వర్తించదు.

508 కిలోమీటర్ల ముంబయి-అహ్మదాబాద్ హైస్పీడ్ రైలుమార్గాన్ని నిర్మిస్తున్న మన దేశం గ్రహించవలసిన పాఠం ఇందులో ఉన్నది. వేగం ఒక్కటే చాలదు. స్టేషన్ నగరానికి చేరువలో, ఛార్జీ సామాన్యునికి అందుబాటులో ఉన్నప్పుడే రైలు విమానాన్ని గెలవగలదు.