చక్కెర లేని క్రిస్మస్ కేకు వేరే పళ్ళెంలో ఎందుకు?



డిసెంబరు వచ్చిందంటే మన దగ్గర కేకు లేని కూడిక ఉండదు. సెమీ క్రిస్మస్‌కు ఒకటి, సండే స్కూలు పిల్లల పండుగకు ఒకటి, స్త్రీల కూడికకు ఒకటి. యవ్వనస్థులు క్యారల్స్‌కు తిరిగే రాత్రుల్లో ఇంటింటా ఒక ముక్క. చివరకు 25వ తేదీ ఆరాధన తరువాత పెద్ద కేకు. ఆ కేకు చుట్టూ నిలబడేవారిలో షుగరు మాత్రలు వేసుకునేవారు ఎందరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ప్రార్థన విన్నపాల చీటీలు చదివేది మేమే కదా! మన దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో తేల్చింది. పట్నాల జబ్బు అనుకునే రోజులు పోయాయి.

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. ఈ సంవత్సరం మన సంఘములో కోసే పెద్ద కేకు చక్కెర, మైదా లేనిదై ఉండాలి. అదే అందరికీ పంచాలి. "షుగరు వాళ్ళకు ఇటు పక్కన పెట్టాము" అని వేరే పళ్ళెం పెట్టడం మాకు ఇష్టం లేదు.

ఎందుకంటే ఆ పళ్ళెం దగ్గరకు ఎవరూ వెళ్ళరు. మేము చూస్తూనే ఉన్నాము. పదిమందిలో జబ్బు చాటుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? పెద్దవారు వెనుక వరుసలో నిలబడి చేయి చాపరు, లేదా అందరితో పాటు మైదా కేకే తిని ఊరుకుంటారు. మన సంఘములో ఒక పెద్దాయన కాలి పుండు మానక ఎన్ని నెలలు మంచం మీద ఉన్నారో మీరెరుగుదురు. అలాంటి వారికి "పండుగ పూట ఒక్క ముక్కకు ఏమీ కాదు బాబాయ్" అని మనమే నోట్లో పెడతాము. అది ప్రేమ అనుకుంటాము.

ఇంకొక మాట కూడా మన మధ్య తిరుగుతుంది. "ప్రార్థన చేసుకుని తినండి, దేవుడు చూసుకుంటాడు." దీనికి మాత్రం మేము ఒప్పుకోము. దేవుడు స్వస్థపరచగలడు, అందులో సందేహము లేదు. అయితే దేవాలయ శిఖరము మీద నిలబెట్టి, దూతలు పట్టుకుంటారు, దూకు అన్నవాడు ఎవరో మత్తయి సువార్త 4వ అధ్యాయములో చదువుకున్నాము. వాడు కూడా లేఖనమే చెప్పాడు. ప్రభువు దూకలేదు. ఆహారము కోసం స్తోత్రము చెల్లించడం వేరు, తెలిసి తెలిసి హాని చేసేదాన్ని తింటూ దేవుణ్ణి పరీక్షించడం వేరు.

మరి పండుగలో తీపి వద్దా అంటే, వద్దని మేము అనము. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయము చూడండి. ఎజ్రా ధర్మశాస్త్రము చదువుతుంటే ప్రజలు ఏడుస్తారు. ఇది ఏడ్చే రోజు కాదు, ఇంటికి వెళ్ళి మంచి భోజనము చేయండి, తీపి పానీయం తాగండి అని వారికి చెబుతారు. అంతటితో ఆపరు. పండుగకు ఏమీ సమకూర్చుకోలేని వారికి కూడా భాగము పంపమంటారు. అక్కడ మాట బీదవారిని గూర్చి అన్నది నిజమే. కానీ సంఘము కేకు కోసేటప్పుడు ఎదురుగా నిలబడి కూడా ఏ భాగమూ లేనివారు మన మధ్య ఎవరు? ఇన్సులిన్ వేసుకునే అవ్వలు, తాతలు కారా? కొరింథు సంఘములో ప్రభువు బల్ల దగ్గర ఎవరి భోజనము వారు ముందుగా తినేసి, లేనివారిని సిగ్గుపరచారని పౌలు మందలించాడు. ఆ సంగతి చదివి మేము వేరే పళ్ళెం ఎలా పెట్టగలము?

ఇక్కడ ఒక తప్పుడు లెక్క సరిచేయాలి. చక్కెర తీసేసి బెల్లం వేస్తే షుగరు వాళ్ళు తినవచ్చని మన ఆడవారు చాలామంది నమ్ముతారు. ఖర్జూరం, తేనె సహజమైనవి కాబట్టి పర్వాలేదంటారు. రాగిపిండి అయితే ఎంతైనా తినవచ్చంటారు. రక్తంలో చక్కెరను పెంచేది చక్కెర ఒక్కటే కాదు, పిండి పదార్థమంతా పెంచుతుంది. వంద గ్రాముల మైదాలో సుమారు 75 గ్రాముల పిండి పదార్థం ఉంది. రాగిలో 70 దాటి, ఎండుద్రాక్షలో 79, తేనెలో 80 పైన, ఎండు ఖర్జూరంలో 75 దాకా ఉంటుంది. బెల్లమైతే దాదాపు చక్కెరే. బేకరీ పెట్టె మీద చక్కెర కలపలేదని రాసి ఉన్నా లోపల మైదా మైదాయే. పైగా అలాంటి వాటిలో మాల్టిటాల్ అనే తీపి వాడితే అది కూడా కొంత మేరకు షుగరు పెంచుతుంది. కాబట్టి "షుగర్‌లెస్" అన్న మాట ఒక్కటి చూసి కొనవద్దు, వెనుక వైపు చిన్న అక్షరాలు మనవళ్ళ చేత చదివించుకోండి.

(కొందరు పెద్దలు బల్లలో తీసుకునే ద్రాక్షరసము గురించి కూడా మమ్మల్ని అడిగారు. ఆ చిన్న గ్లాసులో పట్టేది పది మిల్లీలీటర్లు, అందులో చక్కెర గ్రామున్నర ఉంటుంది. దాని కోసం బల్లకు దూరం కావద్దు.)

ఇక కేకు సంగతి. మా ఇంట్లో పాస్టరమ్మ గత రెండు క్రిస్మస్‌లకు చేసింది, మేము తిన్నాము, అతిథులకు పెట్టాము. పట్నాల్లో దీన్ని బాదం పిండితో చేస్తారు. మన సంఘానికి అంత ఖర్చు వద్దు. మన పొలాల్లో పండే పల్లీలు చాలు. వంద గ్రాముల పల్లీల్లో పిండి పదార్థం 16 గ్రాములే, అందులోనూ సగం పీచు.

పావు కిలో పల్లీలు సన్నసెగ మీద వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారనివ్వాలి. మిక్సీ ఒక్కసారిగా తిప్పితే నూనె వచ్చి ముద్దయిపోతుంది, ఆపి ఆపి తిప్పాలి. అందులో 50 గ్రాముల ఎండుకొబ్బరి పొడి, చెంచాన్నర బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు, ఒక పెద్ద చెంచా కోకో పొడి. ప్లమ్ కేకుకు ఆ ముదురు రంగు వచ్చేది చక్కెరను మాడ్చిన పాకం వల్ల. ఇక్కడ పాకం లేదు కాబట్టి రంగుకు కోకో. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి కలిపి దంచిన పొడి ఒక చెంచా. కమలాపండు పైతొక్క తురుము, తెల్లభాగం రాకుండా. క్రిస్మస్ వాసన అంటే మన ముక్కుకు తెలిసింది ఈ మసాలాలు, ఈ తొక్కే. ట్యూటీఫ్రూటీ మాత్రం వద్దే వద్దు. అది చక్కెర పాకంలో నానిన పచ్చి బొప్పాయి ముక్క. దాని బదులు 50 గ్రాముల బాదం పలుకులు వేయవచ్చు.

తీపికి ఎరిత్రిటాల్ అని దొరుకుతుంది, చూడటానికి చక్కెర లాగే ఉంటుంది, తీపి కొంచెం తక్కువ. ఇది 120 గ్రాములు మెత్తగా పొడి చేసి వేయాలి. పొడి చేయకపోతే చల్లారాక పంటి కింద ఇసుకలా తగులుతుంది. తిన్నప్పుడు నోట్లో కాస్త చల్లగా అనిపిస్తుంది, శొంఠి ఎక్కువ వేస్తే ఆ చల్లదనం తెలియదు. తీపి చాలకపోతే స్టీవియా చిటికెడు, అంతకు మించితే చేదు. 100 గ్రాముల వెన్న, ఈ తీపి పొడి బాగా గిలకొట్టి, ఐదు గుడ్లు ఒక్కొక్కటే కలుపుతూ, రెండు చెంచాల పెరుగు వేసి, పిండి కలపాలి.

ఓవెన్ లేదని ఎవరూ ఆగవద్దు. పాత కుక్కరులో అడుగున ఉప్పు పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడి చేసి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్నసెగ మీద ముప్పావు గంట ఉంచండి. చీపురుపుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పల్లీపిండి త్వరగా మాడుతుంది కాబట్టి మంట పెంచి తొందరపడవద్దు. మైదాకు ఉండే సాగుడు దీనికి లేదు. వేడి మీద కోస్తే పొడిపొడి అవుతుంది, రాత్రంతా చల్లారాక ఉదయం కోయాలి. అసలు ప్లమ్ కేకు వారాల తరబడి నిలవ ఉండేది చక్కెర వల్ల. ఇది బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం.

పదహారు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో పిండి పదార్థం నాలుగైదు గ్రాములు. పావు కిలో మైదా, పావు కిలో చక్కెర, పావు కిలో ఎండు పండ్లతో చేసిన మామూలు కేకును అలాగే పదహారు చేస్తే ముక్కకు 40 గ్రాములు. తేడా చూశారా? అయినా ఇది బలమైన తిండి, ముక్కకు 200 కేలరీలు వస్తాయి. ఒక్క ముక్కే. పల్లీలు పడనివారు, కిడ్నీ జబ్బు ఉండి డాక్టరు పప్పులు, గింజలు తగ్గించమన్నవారు తినవద్దు.

ఈ తీపి పొడులను మేము గొప్ప చేసి చెప్పడం లేదు. బరువు తగ్గడానికి ఇలాంటి తీపి మందులను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్టీవియా వంటి వాటి గురించి సూచించింది. అయితే షుగరు ఉన్నవారిని ఆ సూచన నుండి మినహాయించింది, ఎరిత్రిటాల్ జాతివి అందులోకి రావు. అదే ఏడాది ఎరిత్రిటాల్ రక్తంలో ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనబడ్డాయని ఒక పరిశోధన వచ్చింది. అదే కారణమని అది తేల్చలేదు. పండుగకు ఒక ముక్క సరే, రోజూ టీలో మాత్రం వద్దు. అదీ మా మాట.

ముఖ్యమైనది ఒకటి మరిచిపోకండి. ఇన్సులిన్ గాని, షుగరు మాత్రలు గాని వేసుకుని, ఆరాధన అయ్యేదాకా ఏమీ తినకుండా కూర్చునే పెద్దలు మనలో ఉన్నారు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగరు పడిపోయిందన్నమాట. అప్పుడు ఈ కేకు పనికిరాదు. మూడు నాలుగు చెంచాల అసలు చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అందుకని మందిరంలో చక్కెర డబ్బా తప్పక ఉంటుంది, కేకులో మాత్రం ఉండదు.

"క్రిస్మస్ కేకు అంటే ఇలాగే ఉండాలి, మార్చకూడదు" అనే యవ్వనస్థులకు ఒక మాట. పాత ఇంగ్లీషులో ప్లమ్ అంటే ఎండుద్రాక్ష. ఆ కేకు మన దేశపు కేకు అయిన తీరు తెలుసా? కేరళలోని తలశ్శేరిలో 1883లో మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర, ఇంగ్లండు నుండి తెచ్చిన కేకు రుచి చూపించి, అలాంటిది చేయమని మాంబళ్లి బాపు అనే బిస్కెట్ల వ్యాపారిని అడిగాడు. ఫ్రెంచి బ్రాందీ బదులు జీడిమామిడి పండ్ల సారాతో, అక్కడి అరటిపండుతో ఆయన చేసి ఇచ్చాడని చెప్పుకుంటారు. సారా వేయమని మేము చెప్పడం లేదు సుమా! చేతిలో ఉన్నదానితో చేసుకోవడం ఈ కేకుకు మొదటి నుండీ ఉన్న అలవాటు అంటున్నాము.

అరిసెల విషయంలో మాత్రం మా వల్ల కాలేదు. బియ్యప్పిండి, బెల్లప్పాకం తీసేస్తే మిగిలేది అరిసె కాదు. దానికి నకిలీ చేయడం కన్నా, పిల్లలకు అసలుదే వండి, షుగరు ఉన్నవారి ఇంటికి అరిసెల డబ్బాకు బదులు వేయించిన పల్లీలు, నాలుగు జామకాయలు పంపండి. వద్దన్నవారిని మాత్రం రెండోసారి బలవంతం చేయకండి. పాస్టరుగారు వచ్చినప్పుడు కూడా.

పిల్లలు ఈ కేకు తింటారా అని తల్లులు అడుగుతున్నారు. మా ఇంట్లో పిల్లలు మొదటి ముక్కకు ముఖం చిట్లించారు, రెండోదానికి చేయి చాపారు. క్రీము కావాలని మాత్రం ఇప్పటికీ గొడవే. వారికి డిసెంబరంతా మిగతా కేకులున్నాయి, ఈ ఒక్కటి తాతల పక్కన నిలబడి తిననివ్వండి.

మన సంఘానికి ఐదు కేకులు కావాలి, అంటే పల్లీలు కిలోంపావు, గుడ్లు ఇరవై ఐదు. 24వ తేదీ మధ్యాహ్నం కాల్చి రాత్రంతా చల్లారనిస్తాము. పల్లీలు వేయించి పొట్టు తీసి ఇవ్వగలిగినవారు వచ్చే స్త్రీల కూడికలో పాస్టరమ్మకు పేరు చెప్పండి. కుక్కర్లు మా దగ్గర రెండు ఉన్నాయి, ఇంకా మూడు కావాలి.